రాక్షసుడి వంతెన మీద పెళ్ళిచూపులు

గిద్దలూరులో ఒక ఇల్లు. ముందుగదిలో పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దలు ఫలహారాలు చేస్తున్నారు. లోపల టీవీ గదిలో పెళ్ళికూతురు ఉషారాణి.

"వచ్చినారా? రండి, తలుపు దగ్గరికెయ్యండి. గడియ వద్దులే, పెద్దోళ్ళు తప్పనుకుంటారు."

"అది కాదండీ, నేను..."

"నాకూ మొగమాటమేనండీ. మాట్లాడుకోమని పంపిస్తారని తెలుసు గానీ, ఇంత తొందరగా అనుకోలేదు."

"లేదండీ, నేను వచ్చింది... ఆ దిండు కింద ఏందో మెరుస్తాంది."

"ఏం లేదు."

"గేమ్ కంట్రోలర్ గదా అది?"

"మా తమ్ముడిది."

"టీవీ మీద దుప్పటి ఎందుకు కప్పినారు?"

"దుమ్ము పడకుండా."

"దుమ్ములోంచి కత్తుల పాట వస్తాందే!"

"సరే, దాచి ఏం లాభం. ఆట నాదే. మీరేమో మార్కాపురం నుంచి గంట ముందే ఊడిపడితిరి. నేను వంతెన మీద రాక్షసుడి ముందర నిలబడి ఉన్నా. పాజ్‌లో పెట్టి చీర కట్టుకున్నా. కొట్లాట మధ్యలో సేవ్ కాదు. కరెంటు పోయిందా, మళ్ళా ఆ కొండంతా కిందనుంచి ఎక్కాల."

"వంతెన దాకా వచ్చినారా! నేను కొండ కిందే ఆగిపోయినా."

"మీరూ ఆడతారా?"

"ఆడతానంటే... గుర్రం రాళ్ళల్లో ఇరుక్కోని ముందుకు రాదు, వెనక్కి రాదు."

"అబ్బ, దాని మొగం మండ! ఈలేస్తే గొర్రె మాదిరి నిలబడి చూస్తాది! ఒక మాట అడగాల మిమ్మల్ని. పోయిన సంబంధమోళ్ళు ఈ సంగతి తెలిసి వద్దన్నారు, ఆడపిల్లకు కత్తులు కొట్లాటలు ఏందని. ఆట మానమనేవాణ్ణి చేసుకోనని అప్పుడే అనుకున్నా. మీకేమన్నా అభ్యంతరమా?"

"నాకా? నాకుంటే ఏంది, లేకుంటే ఏందండీ! అసలు నేను..."

"ఎంత మంచి మాటన్నారు! ఇదో, రెండోది పట్టండి. మీరు బాణాలెయ్యండి."

"చేతులకు బజ్జీల నూనె ఉందండీ."

"దిండుకు తుడుచుకోండి. పాజ్ తీస్తన్నా!"

"ఆగండి, ముందు నా మాట..."

"గద లేపినాడు! పక్కకి, పక్కకి!"

"ఏ పక్కకి?"

"గద లేని పక్కకి!"

"కెమెరా తిరిగిపోయింది! నాకు ఆకాశమే కనపడతాంది!"

"మోకాళ్ళకు కొట్రా! ... కొట్టండి."

"రా అనే అనండి, ఇప్పుడు మర్యాదలేంది! వెనక నుంచి వస్తన్నాడు, దూకు! దూకు!"

"చీరతో ఎట్ల దూకేది!"

"బొమ్మను దూకించమ్మా తల్లీ!"

"హా! కూలినాడు! పడిపోయినాడు!"

"అరవొద్దు, ముందుగదిలోకి వినపడతాది!"

"అరుస్తాండేది నువ్వే! ఒరేయ్, అటు చూడు, వంతెన అవతల... ఎంత నీళ్ళు! మన కంభం చెరువు కూడా చిన్నదే దీని ముందర."

"ఆ మంచుకొండ కూడా ఎక్కొచ్చునా?"

"కనపడిందల్లా ఎక్కొచ్చు. నల్లమల మా ఇంటెనకాలే ఉంది. పుట్టినప్పట్నుంచి చూస్తన్నా, ఒక్కనాడు ఎక్కనియ్యలేదు. నాకెంత సంతోషంగా ఉందో తెలుసునా? ఇప్పుడే పొయ్యి అమ్మకు సరేనని చెప్పేస్తా."

"చెప్పొద్దు! ఒక్క నిమిషం, చెప్పొద్దు!"

"ఉషా! పెళ్ళికొడుకు లోపలికొస్తన్నాడు, నీతో మాట్లాడతాడంట. కొంగు సర్దుకో!"

"మా అమ్మకేమైంది? వచ్చి కూచున్నోణ్ణి మళ్ళా పంపిస్తాదా?"

"వచ్చేది మా అన్న. రవితేజ. ఆయనే పెళ్ళికొడుకు."

"మరి నువ్వెవరు?"

"ఆయన చిన్నాయన కొడుకుని. వీరాంజనేయులు. చేతులు కడుక్కుందామని తలుపు తోసినా."

"ముందే చెప్పి చావొచ్చు గదా!"

"చెప్పబోతే గద లేపినాడంటివి! అయినా ముందుగదిలో మా అన్న మొగం చూళ్ళేదా?"

"తల ఎత్తొద్దనింది మా అమ్మ. కాళ్ళు చూసినా. అందరికీ కాళ్ళే గదా ఉండేది! మీ అన్న ఆట ఆడనిస్తాడా?"

"మంచోడే. ఆటలంటే మాత్రం పడదు. నా ఫోన్లో ఉన్నవన్నీ తీసేసినాడు."

"నీ ఫోన్లోవే తీసేసినోడు ఇంక నన్నేం ఆడనిస్తాడు!"

"ఇప్పుడేం చేద్దాం, వదినా?"

"ఇంకొక్కసారి వదినా అన్నావంటే ఈ కంట్రోలర్‌తోనే నెత్తిన కొడతా. మీ నాయన వచ్చినాడా?"

"వచ్చినాడు. బయట జిలేబీ తింటన్నాడు."

"పో, పిలుచుకోని రా."