చెంగల్రాయుడు ఏడుసార్లు మాట్లాడినాడు

తమిళనాడు సరిహద్దులో తెలుగు నేతగాళ్ళ ఊరు పొదటూరుపేట, 1983 వేసవి మధ్యాహ్నం. తిరుమలయ్య మగ్గం మీద ఇంగ్లీషు పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాడు. వెనకాల అతని భార్య వరదమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది.

“...అది కాదు, ఆవడి క్వార్టర్సుల్లో నీళ్ళు రాలేదని అడిగితే అదీ ఒక ప్రసంగమేనా? నీళ్ళు రాలేదని మన మునెమ్మా అడుగుతుంది, పంచాయితీ ఆఫీసు ముందర నిలబడి. ఆమెను ఎవురూ ఢిల్లీకి పంపలేదే.”

“ఎవురితో మాట్లాడతాండావయ్యా?”

“నాతోనే. నువ్వు కండెలు చుట్టు.”

“చుడతానే ఉండా. రేపు పొద్దున మా బావ వచ్చేలోగా ఆ పొగడ్త కాగితం రాసి నేతగాళ్ళ సొసైటీలో ఇయ్యాల నువ్వు. ఒక వరసన్నా రాసినావా?”

“మా బావ! ఊరంతా ఎం.పి. అంటాది. లేకుంటే చెంగల్రాయుడు అంటాది. నీకు మాత్రం బావ.”

“మేనమామ కొడుకును బావ అనక సార్ అనాల్నా?”

“అను. నోరు నొస్తుందా?”

“ముందు నువ్వు రాయి.”

“దేన్ని పొగిడేది? ఆయన ఢిల్లీలో ఏమన్నాడో తెలీకనే కదా తిరువళ్ళూరు దాకా పోయింది. ఆయన ఆఫీసు గుమాస్తా షణ్ముగం ఈ కట్ట చేతిలో పెట్టినాడు. లోక్‌సభలో ఎవురు ఏం మాట్లాడినారో అంతా అచ్చేస్తారంట. మూడేండ్లలో మనోడు ఏడుసార్లు లేచినాడు. విను. పళవేర్కాడు జాలర్ల పడవలు. రెండు నిమిషాలు. ‘ఇంకొక్క నిమిషం’ అంటాడు. స్పీకరు గంట కొట్టినాడు. కూర్చున్నాడు. అరక్కోణం రైలు. మధ్యలో ఎవురో అడ్డమొచ్చినారు. కూర్చున్నాడు. తిరుత్తణి రోడ్డు. మంత్రి ‘చూస్తాం’ అన్నాడు. కూర్చున్నాడు.”

“నవ్వుతాండావు.”

“నవ్వలే.”

“ఈ నెలంతా నీ నోట ఇంత కులాసా నేను వినలే.”

“ఆరుసార్లు ఇదే కత. ఏడోదే...”

“ఏడోది ఏంది?”

“నూలు ధర. దానికే రేపు దండలు.”

“చదువు.”

“ఏందే అంత ఆత్రం?”

“ఇంతసేపూ విను విను అన్నది నువ్వే కదా.”

“ఇంగ్లీషులో ఉండాది. తెలుగు చేసి చెప్తా. ‘అయ్యా, మా వీధిలో మగ్గాల చప్పుడు విని పొద్దు తెలుసుకుంటాము. నూలు దొరకని ఈ నెలలో మాకు పొద్దు తెలీలేదు.’”

“ఊఁ.”

“ఇంకా ఉండాది. ‘నేసేవాడి మొగం వాడి ఇంట్లో వాళ్ళకు సరిగ్గా తెలీదు. వాళ్ళు చూసేది వాడి వీపు. నూలు లేని రోజు వాడు ఇటు తిరిగి కూర్చున్నాడు. పిల్ల ఎవురో అని బెదిరింది.’ చూసినావా? ఒక్కడూ అడ్డం రాలే. గంట కొట్టలే. ఇంకోసారి చదువుతా, ఉండు. ‘వాళ్ళు చూసేది వాడి వీపు...’ యాడ పట్టినాడే ఈ మాట? జన్మలో మగ్గమెక్కి నాడె ముట్టినోడు కాదు. వాళ్ళ తాత కాలంలోనే మగ్గం వదిలి జౌళి అంగడి పెట్టినారు. నేను ఇరవై ఏండ్లు ఈ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నా. నాకు తట్టలే.”

“నీకెట్ల తడుతుంది? నీ వీపు నీకు కనబడదు కదా.”

“ఏమన్నావు?”

“ఏమీలే. తర్వాత?”

“తర్వాత కింద చిన్న అచ్చరాలు. తక్కిన ఆరూ అరవంలో మాట్లాడినాడంట. ఇది మాత్రం తెలుగులో. అక్కడి వాళ్ళు ఇంగ్లీషు చేసి అచ్చేసినారు. ఢిల్లీలో తెలుగు ఎవురి కోసం? ఎవురికి వినబడాలని?”

“ఆయన నోరు, ఆయన ఇష్టం. అక్కడ మాట్లాడితే ఇక్కడ నాకు వినబడతాదా?”

“‘నీకు’ అని నేను అనలే. నేను ఎవురి పేరూ ఎత్తలే. నువ్వే ‘నాకు’ అన్నావు.”

“నూలు తెగింది. ఉండు.”

“వరదా.”

“తెగింది అంటాండా కదా.”

“ఆయనకు జాబేమన్నా రాసినావా? రాసినావా, లేదా?”

“రాసినా.”

“ఎన్ని?”

“ఒకటి. ఒక్కటే. పోయినేడు ఆడి నెలలో, ఆషాఢమప్పుడు.”

“చాలు. ఒకటి చాలు. నాకు తెలుసు. పన్నెండేండ్ల నుంచి తెలుసు. మీ అమ్మ నిన్ను ఆయనకే ఇయ్యాలనుకుంది. ప్లీడరు చదివినోడికి నేత పిల్ల ఎందుకని వాళ్ళన్నారు. మిగిలిపోతే నాకు...”

“మిగిలిపోతే అనొద్దు. ఆ మాట మాత్రం అనొద్దు.”

“ఏం రాసినావు?”

“నువ్వు రాసిందే.”

“నేనా?”

“మంత్రికని సొసైటీ తరఫున అర్జీ రాసినావు, గుర్తుందా? తెలుగులో రాస్తే ఎవురు చదువుతారని ప్రెసిడెంటు నవ్వినాడు. ఇంటికొచ్చి నలిపి గుంతలో పారేసినావు. నేను తీసి, సాపు చేసి, దాన్ని చూసి నా చేత్తో రాసి బావకు పంపినా. ఎవురి పేరూ పెట్టలే. అందులో ఉండేది ఉన్నట్టే చదివినాడు. అందుకే తెలుగు.”

“మగ్గాల చప్పుడు... పొద్దు...”

“నీదే. ఇంగ్లీషులోకి పోయి తిరిగొస్తే నీకే తెలీలే.”

“ఉండు, ఉండు. ‘గడియారం అక్కర్లేని వీధి’ అని రాసింటి నేను! దాన్ని పోగొట్టినాడు, పాపాత్ముడు. అయినా నాదే! గంట కొట్టలే, చూసినావా? నా మాటకు గంట కొట్టలే!”

“మెల్లగా. వీధంతా వింటాది.”

“విననీ. రేపు మైకు ముందర నిలబడి, అయ్యా ఎం.పి. గారూ, తమరి నోట్లో ఉండేది నా మాట అని...”

“చెప్పు. అంతా నీదే అని చెప్పు.”

“చెప్తా. పొద్దు నాది, చప్పుడు నాది, ఆ వీపు... వీపు...”

“ఏంది?”

“వీపు మాట నేను రాయలే.”

“రాసింటావు. మర్చిపోయింటావు.”

“రాయలే. వరదా, అది నీ మాట.”

“కాగితం కింద చోటు మిగిలింది. రెండు వరసలు పెట్టినా. తప్పా?”

“వాడికి తెలిసింటుంది.”

“ఏం తెలిసింటుంది?”

“నీ మాటని. చిన్నప్పటి నుంచి నిన్ను ఎరిగినోడు. నీ చేతిరాత ఎరిగినోడు. అందుకే అరవం చెయ్యలే. నీ మాటను మార్చబుద్ధి కాలే వాడికి.”

“ఉండొచ్చు. లేకపోవచ్చు. పది నెలలాయె, ఒక్క జవాబు రాలే. నేను దానికి కాచుకోనూ లేదు.”

“మరి దేనికి కాచుకున్నావు?”

“ఇంతసేపు రెండుసార్లు చదివినావు. యాడ పట్టినాడు, యాడ పట్టినాడు అని వాడి మీదే ఏడ్చినావు. పోయిన ఆడి నెలలో నూలు లేక ఇటు తిరిగి కూర్చున్నది ఎవురయ్యా? బెదిరి ఏడ్చింది నీ కూతురు కాదా? వాడు గుర్తుపట్టినాడో లేదో నాకు తెలీదు. నువ్వు గుర్తుపట్టలే. ఏమయ్యా, కోపమా? యాడికి లేస్తాండావు?”

“యాడికీ లే. రాట్నం కాడి నుంచి లెయ్యి. ఇన్నేండ్లు నువ్వు కూర్చున్న కాడ నేను కూర్చుంటా.”

“నీకు కండె చుట్టేది రాదు.”

“తెలుసు. జరుగు.”