ఖాతూన్ మేడం దిద్దిన బస్సు బొమ్మ

2001 జూలై 2, సోమవారం నాడు శ్రీమతి ఖాతూన్ గారు పటాన్‌చెరు పారిశ్రామికవాడ అంచున ఉన్న మన ప్రత్యేక శిక్షణా కేంద్రంలో చిత్రలేఖన ఉపాధ్యాయినిగా చేరారు. ఆనాడు కేంద్రానికి ఉన్నవి రెండు గదులు, పదకొండు మంది పిల్లలు, నీళ్లు సరిగా రాని ఒక నల్లా. ఇరవై నాలుగేళ్ల సేవ ముగించుకుని వారు ఈ అక్టోబరు 31న పదవీ విరమణ చేస్తున్నారు. ‘ఈ శుభ సందర్భంలో’ అని రాయబోయి కలం ఆగిపోతోంది. మేడం గారి మనసు బాగా లేదన్న సంగతి ఈ వీడ్కోలు సంచికను చేతపట్టిన సహోద్యోగులందరికీ తెలుసు.

సంచికలో మీ గురించి ఏం రాయమంటారని అడిగినప్పుడు వారు చెప్పిన జవాబు ఇది: “నా గురించి మంచి ఎవలైనా రాస్తరు. నేను చేసిన తప్పు రాయుండ్రి. లేకుంటే ఏం రాయకుండ్రి.” అభినందన వ్యాసాల్లో దోషాలు ఎంచే ఆచారం లేదని నచ్చజెప్పి చూశాం. మేడం గారు ఒక మాట అంటే అన్నట్టే. చివరికి ఆచారమే తగ్గింది.

సంగారెడ్డిలో పుట్టి పెరిగిన ఖాతూన్ గారు డ్రాయింగ్ పరీక్షలు లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యారు. బడిలో కొలువు దొరకక బొంతపల్లి వైపు మందుల డబ్బాలకు లేబుళ్లు అచ్చు వేసే యూనిట్‌లో ఎనిమిదేళ్లు తనిఖీ పని చేశారు. ఎక్కడ అక్షరం ఎగిరిపోయినా, ఎక్కడ రంగు పడక తెల్లగా మిగిలినా ఆ లేబుల్‌ను పక్కన పడేయడమే ఆ పని. రోజుకు వేల లేబుళ్లు చూసిన ఆ కళ్లు ఖాళీ కనిపిస్తే ఊరుకోలేని కళ్లయ్యాయి. ఆ అలవాటుతోనే వారు మన దగ్గరికి వచ్చారు.

మన పిల్లల్లో ఎక్కువమంది ఆటిజం ఉన్నవారు. మాటలు రాని చోట రంగులు మాట్లాడతాయని వేదికల మీద చెప్పడం తేలిక. ఫర్దీన్ అనే విద్యార్థి ఒకే నీలం రంగును నాలుగు నెలల పాటు కాగితం చిరిగేదాకా రుద్దుతుంటే, రోజూ పక్కన కూర్చుని కొత్త కాగితం అందించడం కష్టం. మేడం గారు ఆ కష్టాన్ని విసుగు లేకుండా మోశారు. ఐదో నెలలో ఫర్దీన్ నీలం పక్కన సన్నటి పసుపు గీత ఒకటి గీసినప్పుడు గది బయటికి వచ్చి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు స్టాఫ్ అందరికీ చాయ్ వారే తెప్పించారు.

మహిత 2014లో వచ్చింది. హత్నూర మండలానికి చెందిన ఆమె తండ్రి ఎల్లయ్య గారు పొలం వదిలి రసాయనాల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరిన మనిషి. మహిత అరుదుగా మాట్లాడేది. ఎదుటివారి కళ్లలోకి చూడటం ఆమెకు భరించరానిది. ఎవరైనా గడ్డం పట్టుకుని ఇటు చూడమంటే రెండు చేతులతో ముఖం కప్పుకునేది. ఆమె గీసేవన్నీ పొద్దున హైవే మీద వరసగా పోయే కంపెనీ బస్సులే. కిటికీల రబ్బరు, వెనక నిచ్చెన, నంబరు ప్లేటు మీది బురద, ఏదీ వదిలేది కాదు. కిటికీల్లోని మనుషుల ముఖాలు మాత్రం ఉత్త తెల్లని గుండ్రాలు.

ఇక్కడ మన కేంద్రపు పాత అలవాటు ఒకటి ఒప్పుకోవాలి. వార్షికోత్సవానికి ముందు వారం ఉపాధ్యాయులందరం కూర్చుని పిల్లల బొమ్మలను ‘పూర్తి’ చేసేవాళ్లం. వచ్చే పెద్దమనుషులు మెచ్చుకోవాలి కదా! అది అన్యాయమని అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఈ వ్యాసం రాస్తున్న చేయి కూడా రెండు నెమళ్లకు ఈకలు అతికించింది. 2018 ఫిబ్రవరిలో మహిత బస్సు బొమ్మ మేడం గారి వంతుకు వచ్చింది. నలభై రెండు తెల్లని ముఖాలు. మేడం గారు నల్ల స్కెచ్ పెన్ తీసుకుని, ఒక్కొక్క ముఖానికి కళ్లు, ముక్కు, చిరునవ్వు ఓపికగా దిద్దారు. ముఖ్య అతిథిగా వచ్చిన ఒక మందుల కంపెనీ అధికారి ఆ బొమ్మను తెగ మెచ్చుకున్నారు. ఫ్రేము కట్టించి వేదిక మీదే వారికి బహూకరించాం.

మహిత దాన్ని వేదిక కింద నుంచి చూసింది. కాగితం నిండా తన వైపు చూస్తున్న కళ్లు. ఏడవలేదు, అరవలేదు. మరునాడు తన రంగుల డబ్బా తెచ్చి మేడం గారి బల్ల మీద పెట్టి వెళ్లి, పిల్లలు కాగితపు కవర్లు అంటించే కవర్ల సెక్షన్‌లో కూర్చుంది. మళ్లీ రంగు ముట్టలేదు.

ఆ ఏడాదే మేడం గారు పట్టుబట్టి దిద్దే అలవాటు మాన్పించారు. బొమ్మలు సగంలో ఆపేశారేమిటని అడిగిన అతిథులకు “అయిపోయినయి సార్, గంతే” అని జవాబిచ్చేవారు. వచ్చే అతిథులు తగ్గారు; పిల్లల బొమ్మలు పిల్లలవిగా మిగిలాయి. కానీ మహిత తిరిగి రాలేదు. రోజూ పొద్దున మేడం గారు ఆమె ముందు ఒక తెల్ల కాగితం పెట్టేవారు. ఆమె దాన్ని కొలిచినట్టు మడిచి, అంటించి, కవరు చేసి దొంతర మీద పెట్టేది. ఏడేళ్లు ఇదే తంతు. తాను కేంద్రం వదిలేలోపు ఆ పిల్ల ఒక్క గీత గీస్తే చాలన్నది తప్ప మేడం గారికి మరో కోరిక లేదు.

మొన్న సెప్టెంబరులో ఎల్లయ్య గారు బిడ్డను సాయంత్రం ఇంటికి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు మేడం గారు ఆయన్ను కూర్చోబెట్టి తన తప్పును మరోసారి చెప్పుకున్నారు. ఆయన అంతా విని తువ్వాలు భుజం మార్చుకున్నారు.

“నాకు జెప్తె ఏం ఫాయిదా మేడం? బొమ్మ నాది కాదు గద. ఆమెకు జెప్పిన్రా ఎన్నడన్న?”

చెప్పలేదు. కమిటీకి చెప్పారు, తల్లిదండ్రుల సమావేశంలో చెప్పారు, మాకు వందసార్లు చెప్పారు. మహితకు అర్థం కాదనుకున్నారు. నిజానికి మేమందరమూ అలాగే అనుకున్నాం. ఆటిజం గురించి ఏటా శిక్షణ పొందే మనం, ఇరవై రెండేళ్ల మనిషి ఎదురుగా ఉండగా ఆమె తలమీదుగానే మాట్లాడుకున్నాం.

మేడం గారు లేచి కవర్ల సెక్షన్‌లోకి వెళ్లారు. మహితకు ఎదురుగా నిలబడకుండా పక్కన చేరి, తాను కూడా కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ చెప్పారు. “బేటా, నీ బస్సుల కండ్లు పెట్టింది నేనే. నిన్ను అడగలే. తప్పయింది. మాఫ్ చెయ్యి.”

మహిత చేతిలో ఉన్న కవరును పూర్తిగా అంటించింది. అంచు రుద్దింది. తర్వాత అంది: “నా బస్సు తే. కండ్లు తీసేస్త.”

ఏడేళ్లుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

బొమ్మ తీసుకెళ్లిన అధికారి పనిచేసిన ఆ మందుల కంపెనీ చేతులు మారి నాలుగేళ్లయింది. మేడం గారు మిగిలిన సెలవులన్నీ ఆ బొమ్మ కోసమే ఖర్చు చేశారు. పాత ఆఫీసు సామాను హత్నూర గోదాముకు పోయిందన్నారు. అక్కడి వాచ్‌మన్ ఐలన్న, ఫ్రేములన్నీ పాత సామాను కొనేవాళ్లు తీసుకుపోయారన్నాడు. ఇప్పుడు మేడం గారు మోకాళ్ల నొప్పులతో పటాన్‌చెరులో ఒక్కొక్క పాత సామాను దుకాణమూ ఎక్కి దిగుతున్నారు. దొరుకుతుందన్న ఆశ మాకు లేదు; వారికీ పెద్దగా లేదు. అయినా మహిత సాయంత్రం వెళ్లేముందు వారి బల్ల దగ్గర ఆగి, ఖాళీ చేతులు చూసి వెళ్తోంది.

పూలదండలు, శాలువాలు, విశ్రాంత జీవితం సుఖంగా సాగాలన్న మాటలు సభలో ఎలాగూ ఉంటాయి. ఖాతూన్ మేడం గారికి విశ్రాంతి అక్కర్లేదు. వారి మోకాళ్లకు బలం, కళ్లకు చూపు, ఒంటికి ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు ఆ పైవాడు ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ బస్సు మహిత చేతికి అందే నాటి వరకు వారు చల్లగా ఉండాలి. అంతకు ఒక్క రోజు తక్కువైనా అది మాకు తక్కువే.