గుట్ట మీద గంటసేపు

దేవరకొండ దవాఖానలో ఎక్స్‌రే గది ముందు తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. పొద్దున గుట్ట దిగుతూ సైకిల్ మీంచి పడ్డ కూతురి ఎడమ చెయ్యి చున్నీతో మెడకు వేలాడుతోంది.

“అమ్మా, ఎప్పుడు పిలుస్తరో జర అడుగు. ఐతారమే సైకిల్ పందెం.”

“రెండుసార్లు అడిగొచ్చిన. కూసో.”

“ముందు చక్రం గూడ వంగింది. అది ఎవరు బాగుచేస్తరో ఏమో.”

“చక్రం సంగతి తర్వాత. గుట్ట మీద ఎంతసేపు పడి ఉన్నవ్?”

“ఐదు నిమిషాలు.”

“ఇంటికొచ్చేసరికే మోకాలి మీద నెత్తురు ఎండిపోయింది. నాకు చెప్తవా?”

“గంట. లేవరాలే.”

“ఎవరినన్న పిలువకపోయినవా?”

“పిలిచిన. ఎవరున్నరమ్మా ఆడ? రెండు మేకలొచ్చి చూసి పోయినయి.”

“నవ్వకు. మీ బాపు తాటిచెట్టు మీదికెల్లి పడ్డనాడు గూడ గంటసేపు ఎవరూ చూడలే. జర ముందు తెస్తే బతుకుతుండె అన్నరు.”

కూతురు గోడవైపు తిరిగింది.

“అట్ల మొహం తిప్పుకోకు.”

“పందానికి పోవద్దంటవా అయితే?”

“పందెంల ఎంతమంది ఉంటరు?”

“డెబ్బై మంది.”

“పడితే చూసేటోళ్లు?”

“మలుపు మలుపుకు ఒకరు నిలబడ్తరు. అంబులెన్స్ గూడ ఉంటది.”

“డాక్టర్ సరేనంటే పందానికి పో, బిడ్డా. ఈ గుట్టకు మాత్రం ఒక్కదానివి పోకు.”

“మరి రోజూ ప్రాక్టీసు ఎట్ల? నా ఎంబడి ఎవరొస్తరు?”

“నేనొస్త. నువ్వు దిగేదాక కింద కూసుంట.”