యతిరాజులు గారి హిమాలయం బండి

పెరంబూరులో సెలీనా టీకొట్టు ముందర యతిరాజులు గారు కూర్చున్నారంటే ఆ బెంచీ మీద ఇంకొకరి మాట చెల్లదు. రైల్వేలో టికెట్ల కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి. ముత్తాతల నాటి నుంచీ మద్రాసు తెలుగువాళ్ళు. పైగా ఎదురింటి ఓనరు, మేడమీద వాటా సునయనకీ ఫణీంద్రకీ అద్దెకిచ్చినాయన. ఇన్ని హోదాలున్నాక నోరు ఊరుకుంటుందా?

ఆ ఆదివారం పొద్దున మాత్రం సునయనకి ఆయన కబుర్లు వినే ఓపిక లేదు. ఎదురుగా గోడవారన వాళ్ళ బండి నిలబడి ఉంది. ఎవరో గొప్పింటివాళ్ళు వాడి అమ్మేసిన పెద్ద విదేశీ డీజిల్ బండి. వెనక సీట్లు పీకించి, చెక్కతో మంచం కొట్టించి, కింద సొరుగుల్లో స్టవ్వూ గిన్నెలూ సర్ది, పైన గుడారం బిగించారు. వాగులో దిగినా ఇంజనుకి గాలి అందేట్టు ముందద్దం పక్కన నిలువుగా ఓ నల్ల గొట్టం పెట్టించారు. నెల్లాళ్ళు సెలవు పెట్టి, దొరికినచోట వండుకుని, చీకటిపడ్డచోట పడుకుని, లడాఖ్ దాకా పోయి రావాలని మొగుడూ పెళ్ళాలు ఏడాదిగా కలలు కన్నారు.

తీరా పూజ చేయించాక బండికి ఆయాసం పట్టుకుంది. వంతెన ఎక్కమంటే చాలు, నల్లపొగ కక్కి చతికిలబడుతుంది. మెకానిక్కులు కంప్యూటర్ తగిలించి చూసి గాలి చాలట్లేదన్నారు. ఫిల్టరు మార్చారు, సెన్సరు మార్చారు, చివరికి టర్బో పోయిందని చేతులెత్తేశారు. ఫణీంద్ర విసిగిపోయి, వచ్చిన కాడికి అమ్మేద్దామని బ్రోకరు ప్రభాకరన్‌కి ఫోన్ చేశాడు. ఆయన ఇంకాసేపట్లో వచ్చి బండి పట్టుకుపోతాడు. సునయనకి ఏడుపొక్కటే తక్కువ.

"ఇంజను చెడిందనా అమ్మేది?" యతిరాజులు గారు గ్లాసు కింద పెట్టారు. "ఏమ్మా, నన్నొక మాట అడగకూడదా? ఇట్లాంటి బండిని నేను హిమాలయం ఎక్కించి దించినా!"

"మొదలైంది," అంది సెలీనా, పొంగబోతున్న పాల కింద మంట తగ్గిస్తూ.

"నువ్వు టీ పొయ్యి సెలీనా. ఇనమ్మా. మా బామ్మర్ది కృష్ణస్వామి ఉండాడే, వాడు సౌకార్‌పేట సేటు దగ్గర ఇట్లాంటిదే పాత బండి కొన్నాడు. బావా, దీన్ని ఇల్లు మాదిరి చేసియ్యి అన్నాడు. సెరి, అంతే కదాని సీట్లు పీకినా, మంచం వేసినా. అప్పురం ఏమైందో తెలుసునా?"

"ఏమైందండీ?" అన్నాడు ఫణీంద్ర. ఇంటి ఓనరాయె, అడక్క తప్పుతుందా?

"వాడి పెండ్లాం ఇడ్లీ లేకుండా ఊరు దాటనంటే దాటననింది. అదెంత పని? ఇంజను బెల్టుకి గ్రైండరు తగిలించినా. ఈడ పెరంబూరులో బియ్యం పోస్తే ఆడ రెడ్‌హిల్స్ చేరేలోపల పిండి రెడీ! ఆయమ్మ తులసికోట కావాలనింది. పెట్టినా. చిక్కటి కాఫీ కావాలనింది. ఆవును కట్టినా."

"బండిలోనా?" అంది సునయన, వినకూడదనుకుంటూనే.

"లేకుంటే బండెనకాల పరిగెత్తిస్తానా? నోరులేని జీవం, పాపం కాదూ!"

అంత దిగుల్లోనూ సునయనకి నవ్వొచ్చింది.

"సుమ్మా ఊరికే నవ్వొద్దమ్మా. ఆవు, దూడ, తులసికోట, మా బామ్మర్ది సంసారం, అందరమూ హిమాలయం ఎక్కతా ఉండాము. నడికొండ మీద ఇంజను టక్కుమని ఆగిపోయె. చుట్టూ మంచు. మిలిటరీ ఇంజనీర్లు వచ్చిరి, లాప్‌టాపులు పెట్టిరి, తల గోక్కొనిరి. నేనేం చేసినా? ఎవర్‌సిల్వర్ లోటా తీసి బానెట్టు మీద బోర్లించి చెవి ఆనించినా. మూడో సిలిండరు ఖళ్ళుఖళ్ళున దగ్గతా ఉండాది. కఫం!"

"ఇంజనుకి కఫమా?" సెలీనా గరిటె ఆపేసింది.

"చల్లటి డీజిలు తాగి మంచులో నిలబడితే నీకు మాత్రం రాదా? శొంఠి, మిరియాలు, తాటిబెల్లం వేసి కషాయం కాచి రేడియేటర్లో పోసినా. అప్పురం ఏమైందో తెలుసునా? ఇంజను ఒక్క తుమ్ము తుమ్మింది చూడు, ఎదురు కొండ మీద మంచంతా జారి కిందకొచ్చె! బండి లేచింది. ఏం స్పీడు, ఏం స్పీడు! మా నీడలు ఎనకబడిపోయి సాయంత్రానికి గాని వచ్చి కలవలేదు. బుధవారం బయలుదేరినోళ్ళం ముందురోజు మంగళవారమే చేరినాము. ఆ ఇంజను వేడికి కొండంతా కరిగి నీళ్ళయి పారె. మొన్న నడి ఎండాకాలంలో చెంబరంబాక్కం చెరువు ఎట్లా నిండిందనుకుంటా ఉండారు?"

"అది ఎప్పుడు నిండిందయ్యా?" అంది సెలీనా.

"నువ్వు టీ కాచే పనిలో ఉండి చూడలేదు."

ఇంతలో ఫణీంద్ర ఫోన్ మోగింది. ప్రభాకరన్ వంతెన దాటాడట. సునయన బండి వైపు చూసింది. ఆ సొరుగులకి పిడులు కూడా తనే ఏరి తెచ్చి బిగించింది. టీ తాగబుద్ధికాక గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ మొహం చూసి యతిరాజులు గారి మనసు కరిగింది. కరిగితే మాత్రం ఊరుకోవడం తెలిసిన మనిషా? ఇంకో మెట్టు ఎక్కారు.

"ఇంజనుదంటే దగ్గు, జ్వరమమ్మా, మందేస్తే పోతాది. దిష్టి తగలకుండా ఉండాల. అంత దూరం పోయినా మా బండికి గీత పడలేదే, ఎందుకో తెలుసునా? అందరూ చక్రం కింద నిమ్మకాయ పెడతారు. దిష్టి చక్రంలోంచి వస్తాదా? ముక్కులోంచి వస్తాది! నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు పసుపు గుడ్డలో మూటగట్టి, బయలుదేరే ముందే బండి ముక్కులో కూరినా. ఇంకెవరికైనా అయితే చెయ్యను. మీరు మా ఇంటి పిల్లలు, అందుకని పూజనాడు పంతులు పోయినాక మీ బండికీ చేసినా. చెప్తే ఫలించదని చెప్పలేదు."

సునయన గబుక్కున లేచి నిలబడింది.

"బాబాయి గారూ, మా బండికి ముక్కేదండీ?"

"అదోమ్మా, అద్దం పక్కన నల్లగా నిలబడిందే గొట్టం! కర్రతో లోపలికంటా దోపినా. మనం ఏ పనీ అరకొరగా చెయ్యము."

ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె రోడ్డు దాటేసింది. బండి మెట్టెక్కి గొట్టంలో చెయ్యి పెడితే వేళ్ళకి గుడ్డ తగిలింది గాని పట్టు దొరకలేదు. సెలీనా పట్టకారు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి లాగితే పసుపు మూట ఊడి వచ్చింది. లోపల నిమ్మకాయ ఎండి వక్కైపోయింది. ఇన్ని చేతులు పడ్డ బండి, ఇంతమంది చూసిన బండి, ఆ గొట్టం కొసలోకి తొంగిచూసినవాడు ఒక్కడూ లేడు!

ఫణీంద్ర తాళం తిప్పి వంతెన మీదికి పోనిచ్చాడు. పొగ లేదు, ఆయాసం లేదు. తిరిగొచ్చి దిగేసరికి అతని మొహం వెలిగిపోతోంది. అప్పుడే వచ్చిన ప్రభాకరన్ ఇంజను చప్పుడు విని రేటు పెంచబోయాడు.

"అమ్మట్లేదండీ, లడాఖ్ పోతున్నాం," అన్నాడు ఫణీంద్ర. సునయన నవ్వుతూనే ఏడ్చేసింది.

"చూస్తివా సెలీనా!" యతిరాజులు గారు తొడ చరిచారు. "కంప్యూటర్లు కనిపెట్టలేనిది నేను బెంచీ మీద కూర్చొని కనిపెట్టినా!"

"అవునండీ," అంది సునయన కళ్ళు తుడుచుకుంటూ. "మీ బండికీ ఇలాగే ముక్కులో మూట కూరానన్నారు కదా. మరి నడికొండ మీద ఆగిందంటే కఫం కాదండీ, మీ నిమ్మకాయే!"

బెంచీ బెంచీ అంతా గొల్లుమంది. "ఏ కొండ? ఏ బండి?" అంది సెలీనా కడుపు పట్టుకుని. "ఊరందరికీ టికెట్లు కొట్టిచ్చినాడే గాని, ఈయన లోకల్ రైలు ఆగిపోయే గుమ్మిడిపూండి దాటితే ఒట్టు!"

యతిరాజులు గారు తల దించుకుని, ఎప్పుడో ఖాళీ అయిన గ్లాసెత్తి తాగబోయారు. ఆయన్ని అలా చూడటం సునయనకి అదే మొదలు. ఒక్క నిమిషం క్రితం దాకా ఆ మూట ఆయన నెత్తిన వేసి కొట్టాలన్నంత కోపం, ఎటు పోయిందో పోయింది.

"పైన గుడారం ఖాళీయే బాబాయి గారూ. మీరూ మాతో రండి. నిజంగానే అంటున్నా."

ఫణీంద్ర ఉలిక్కిపడి పెళ్ళాం వైపు చూశాడు. యతిరాజులు గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, గుడారం వంక తలెత్తి చాలాసేపు చూశారు. సెలీనా వినడం లేదని రూఢి చేసుకుని, సునయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు.

"ఆడ శానా చలి ఉంటాదామ్మా?"