రెండుగా విడిపోయిన బండి

"మామ్మగారూ, మీరు యూరప్‌లో రైళ్లెక్కారు కదా. ఇదిగో చూడండి, ఈ స్టేషన్లో బండి మారడానికి మాకు ఏడు నిమిషాలే చూపిస్తోంది. సరిపోతాయంటారా?"

ఏదీ, ఇలా తే ఫోను. కళ్లజోడు... ఆ, ఉంది, నెత్తిమీదే ఉంది. ఏడు నిమిషాలా. ఊఁ. మీ ఆయనే బుక్ చేస్తున్నాడా? సరేలే. కూర్చో శ్రావ్యా, నిలబడి వినే సంగతి కాదిది. పక్క ఫ్లాటేగా, మీ అత్తగారు పిలిస్తే వినపడుతుంది.

మాకు ఎనిమిది పెట్టాడమ్మా మా అల్లుడు. "పక్క ప్లాట్‌ఫారమే అత్తయ్యగారూ, దిగి ఎక్కేయడమే" అన్నాడు. అతన్ననడానికేం లేదు, ఫోన్లో చూస్తే బాగానే ఉంది మరి.

మాకు అంటే నాకూ, మా వియ్యపురాలు సత్యవతి వదినగారికీను. నువ్వు చూశావు ఆవిణ్ణి. కిందటేడు కంటి ఆపరేషన్‌కని రాజమండ్రి వచ్చి మా ఇంట్లో ఉంది చూడు, నల్లద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చునేది, ఆవిడే. ఈ రైలు సంగతి జరిగిన రోజుల్లో మాత్రం మా మధ్య అంత లేదులే. మా అమ్మాయీ ఆ అబ్బాయీ భీమవరం ఇంజినీరింగ్ కాలేజీలో కలిసి చదువుకుని, వాళ్లంతట వాళ్లే అనేసుకుని, మాకు తర్వాత చెప్పారు. మాది కోనసీమ, మా నాన్నగారు బడిపంతులు, నేనూ టీచర్నే, మా ఇంట్లో ఉల్లిపాయ వెయ్యాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్లు. వాళ్లవేమో రొయ్యల చెరువులు. పెళ్లయితే చేశాం, నవ్వుతూనే చేశాం. కానీ ఆవిడ నన్ను వదినగారూ అనేది, నేనూ వదినగారూ అనేదాన్ని, అక్కడితో మాటలైపోయేవి. ఒకళ్లింట్లో ఒకళ్లం మంచినీళ్లు తప్ప ముట్టేవాళ్లం కాదు. దెబ్బలాడుకున్నా బాగుండేదేమో, అదీ లేదు.

అమ్మాయి వాళ్లు ఆస్ట్రియాలో ఉండేవారు. దానికి పురుడొచ్చిందని ఇద్దరమూ... కాదు కాదు, పురుటికి నేనొక్కదాన్నే వెళ్లాను, ఇది బాబు ఏడాది పండక్కి. ఇద్దరమూ వెళ్లాం. సత్యవతి వదినగారి చిన్నబ్బాయి అప్పుడు జర్మనీలో, మ్యూనిక్‌లో చదువుకుంటున్నాడు. వాణ్ణి చూసి రావాలని ఆవిడ కోరిక. ఇంగ్లీషు రాదు, ఒక్కర్తీ వెళ్లలేదు, వీళ్లకి సెలవు లేదు. మా అమ్మాయి వంటింట్లోకొచ్చి మెల్లిగా, "అమ్మా, నువ్వు తోడెళ్లవే, ఆవిడ నోరు విడిచి అడగలేదు" అంది. కూతురు అలా అడిగితే ఏమంటాం.

బయల్దేరాం. ఆవిడ పెట్టెలో చీరల మధ్య రొయ్యల పచ్చడి సీసా. ఊరునుంచి మోసుకొచ్చింది కొడుకు కోసం. అందుకని నేను పులిహోరా, పెరుగన్నం వేరే సంచిలో పెట్టుకుని నా భుజానికే వేసుకున్నాను. ఆవిడ అది చూసింది. చూసి తన పెట్టె తనవైపు జరుపుకుంది.

ఆవిడకి షుగరు. అన్నానికి ముందు పొట్టమీద ఇంజెక్షన్ చేసుకోవాలి. మొదటి బండిలో మధ్యాహ్నమైంది, "తినేద్దామా వదినగారూ" అన్నాను. సరేనని ఆవిడ చీరకొంగు చాటు చేసుకుని సూది వేసుకుంది. నేను డబ్బా మూత మీద చెయ్యి వేశానో లేదో, పక్కనున్న ఆయన మా టికెట్టు వంక చూసి, "మీరు మారాల్సింది వచ్చే స్టేషన్లోనే, బండి ఆలస్యంగా నడుస్తోంది, తలుపు దగ్గరకెళ్లి నిలబడండి" అన్నాడు ఇంగ్లీషులో. ఇక తినడమేంటి. రెండో బండెక్కి తిందాంలే అని డబ్బా సంచిలో పడేశాను.

దిగేసరికి రెండో బండి వచ్చి ఆగి ఉంది, కానీ ప్లాట్‌ఫారం పక్కది కాదమ్మా, మార్చేశారు. మెట్లు దిగి సొరంగంలోంచి వెళ్లి మళ్లీ మెట్లెక్కాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, చేతిలో ఆ పెట్టె. ఇలా ఇవ్వండి నేను పట్టుకుంటానన్నాను. "వద్దండి, అందులో మీరు ముట్టుకోనిది ఉంది. మీరు ముందెళ్లి ఆపండి, నేనొస్తాను" అంది. అప్పుడు బాధపడ్డానికి కూడా వ్యవధి లేదు. పరిగెత్తాను. ఈ వయసులో అంత పరుగు ఎలా వచ్చిందో. మొదట కనపడిన తలుపులో కాలు పెట్టి వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ ఇంకా అల్లంత దూరంలో, వెనక పెట్టెల దగ్గర వేరే మెట్లెక్కి వస్తోంది. అక్కడే ఎవరో కుర్రాడు ఆవిడ పెట్టె అందుకుని ఆవిణ్ణి లోపలికెక్కించాడు. హమ్మయ్య అనుకున్నాను. తలుపులు మూసుకున్నాయి. ఒకే బండేగా, నడుచుకుంటూ వెళ్లి కలుసుకోవచ్చుగా.

నడిచాను. రెండు పెట్టెలో మూడో దాటాక గోడ. దారి లేదు. అక్కడున్న టీసీని అడిగాను, ఆడమనిషే. ఆవిడ నా టికెట్టు చూసి, "మీరు ఎక్కవలసింది వెనక బండి. ఇవి రెండు బండ్లు, కలిపి నడుపుతున్నాం, లోపలినుంచి దారి లేదు. వచ్చే పెద్ద స్టేషన్లో విడదీస్తాం. ఇది స్విట్జర్లాండ్ వైపు పోతుంది, వెనకది మ్యూనిక్ పోతుంది" అంది.

నాకు తెలియని సంగతా అది? నా చిన్నప్పుడు మా పెద్దత్త కాకినాడలో ఉండేది. సామర్లకోటలో కాకినాడ పెట్టెలు విడదీసి వేరే ఇంజనుకి తగిలించేవారు. మా నాన్నగారు ఎక్కేముందే పెట్టెమీద బోర్డు రెండుసార్లు చదివేవారు, లేకపోతే విశాఖపట్నం పోతామని. టికెట్టు అర్ధరూపాయో ముప్పావలాయో, అది గుర్తులేదు కానీ అక్కడ జంతికలమ్మే ఆయన గొంతు ఇప్పటికీ... ఎక్కడున్నాను? ఆ, గోడ దగ్గర.

గోడకి అటుపక్క ఆవిడ. సూది వేసుకుని ఉంది, కడుపులో ఏమీ లేదు. అన్నం నా భుజం మీద. ఆవిడ ఫోనుకి ఆ దేశం సిమ్ము కూడా లేదు. ఇంజెక్షన్ తర్వాత తినకపోతే ఏమవుతుందో మా వారి విషయంలో చూసినదాన్ని నేను. చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి మన చేతుల్లోనే వాలిపోతారు. టీసీకి చెప్పాను. ఆవిడ వెనక బండి టీసీకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. "స్టేషన్ రాగానే మీరు దిగి వెనక్కి పరిగెత్తండి, కాసేపు ఆగుతుంది" అని నా చెయ్యి పట్టుకుంది. కిటికీలోంచి కొండలు, పచ్చిక, ఏవేవో పోతున్నాయి. చాలా అందమైన దారిట అది. నాకు ఒక్కటీ గుర్తులేదు.

స్టేషనొచ్చింది. దిగి వెనక్కి పరిగెత్తాను. మ్యూనిక్ బండిలో కిటికీ కిటికీకీ తొంగి చూస్తూ వెళ్తున్నాను. ఒక కిటికీలో ఆవిడ పెట్టె పైన బల్లమీద కనపడింది. కింద సీటు ఖాళీ. ఎక్కబోయాను. ఎక్కి, ఆవిడ అందులో లేకపోతే? అలా కాలు పైకెత్తి నిలబడి ఉన్నానా, ప్లాట్‌ఫారం అటుచివర స్తంభం పట్టుకుని ఒక ఆకుపచ్చ చీర. దిగిపోయింది. నన్ను వెతుక్కుంటూ ఆవిడా దిగిపోయింది. అటుగా పరిగెత్తాను. నా వెనకాల మొదట ఒక సగం వెళ్లిపోయింది, తర్వాత రెండో సగమూ వెళ్లిపోయింది.

దగ్గరకెళ్లేసరికి ఆవిడ జాకెట్టంతా చెమటకి తడిసిపోయి ఉంది. నన్ను చూసి ఏదో అంది, మాట ముద్దగా వచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టాను. పక్కన ఒకావిడ చంటిపిల్లతో ఉంది. షుగరు, షుగరు అన్నాను అంతే, మిగతా ఇంగ్లీషు ఏమైపోయిందో. ఆవిడ పిల్ల చేతిలో పళ్లరసం డబ్బా తీసి ఇచ్చేసింది. పిల్ల ఏడుస్తూనే ఉంది పాపం. ఆ రసం కొంచెం కొంచెంగా తాగించి, మనిషి తేరుకున్నాక అన్నం డబ్బా మూత తీశాను. ఆవిడకి ముద్ద పట్టుకునే ఓపిక లేదు. నేనే పెరుగన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక, "ఇంకొంచెం పెట్టండి" అంది.

"మీరెందుకు దిగారండీ? అది మన బండేగా. సీటుంది, సామానుంది, మీ అబ్బాయి అక్కడికే వస్తాడు" అన్నాను.

"మీరు కనపడలేదు కదండీ. మిమ్మల్ని ఒదిలేసి నేనెక్కడికెళ్తాను" అంది.

సంచిలో గ్లాసు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

మా అల్లుడికి ఫోన్ చేశాను. మొదటి బండి ఆలస్యం కాబట్టి అదే టికెట్టు చెల్లుతుందన్నారు, తర్వాత బండికి గంటపైనే టైముంది. ఆ గంటలో మాట్లాడినంత, అన్నేళ్లలో మాట్లాడలేదమ్మా మేము. "పిల్లలు మనల్ని అడక్కుండా చేసుకున్నారని కోపం నాకు. మీమీద కాదు. పిల్లల మీద చూపించలేం కదండీ, మీరు ఎదురుగా ఉండేవారు" అంది. నాకూ సరిగ్గా అదేనన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడాను.

అక్కడ మ్యూనిక్‌లో చిన్నబ్బాయికి వాళ్లన్న, అదే మా అల్లుడు, ఫోన్ చేసే లోపలే మేం దిగిపోయిన ఆ బండి చేరిపోయింది. అందరూ దిగారు, వాళ్లమ్మ దిగలేదు. లోపలికెక్కి చూస్తే పెట్టె ఉంది, మనిషి లేదు. మేం దిగేసరికి ఆ పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీద చిన్నపిల్లాడిలా నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయి. పచ్చడి చేరింది, తల్లి చేరలేదని ఇప్పటికీ వేళాకోళం చేస్తాం వాణ్ణి.

ఆ రాత్రి వాడి గదిలో ఆవిడ ఒక గిన్నె నాలుగుసార్లు తోమి, నాకు విడిగా చారు పెట్టింది. భీమవరం వెళ్తే ఇప్పటికీ నాకొక గిన్నె వేరే ఉంటుంది వాళ్లింట్లో, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. కంటి ఆపరేషన్‌కి భీమవరంలో డాక్టర్లు లేరా? రాజమండ్రి ఎందుకొచ్చిందనుకున్నావు మరి.

అదీ సంగతి. ఈ ఏడు నిమిషాల బండి వద్దు తల్లీ. దాని తర్వాతది చూడమను మీ ఆయన్ని. కాసేపు స్టేషన్లో కూర్చుంటే ఏం పోతుంది, కాఫీ తాగండి, జనాన్ని చూడండి. తినేది ఏదైనా ఇద్దరి సంచుల్లోనూ పెట్టుకోండి. బండి ఎటు పోతుందో అని కాదు, మీరెక్కిన పెట్టె ఎటు పోతుందో అడగండి. అయినా ఎంత చూసుకున్నా ఒక్కోసారి తలుపు మూసుకుపోతుందనుకో. అప్పుడు కంగారుపడకండి. ఒకళ్లు ఎక్కలేకపోతే రెండోవాళ్లు దిగిపోండి. బండ్లు వస్తూనే ఉంటాయి. హాయిగా వెళ్లి, ఇద్దరూ చల్లగా తిరిగి రండమ్మా.

అదిగో, పిలుస్తున్నారు మీ అత్తగారు. వెళ్లు... ఆ ఫోటోలవీ వస్తే నాకూ చూపించు. మీరు వెళ్లేదీ అటేగా, ఆ దారిలో కొండలున్నాయిట, నేను సరిగ్గా చూడనే లేదు...