నాన్న బిగించిన ఇంజను

"నువ్వు కొంటానంటున్న ఆ విదేశీ బండి నడిరోడ్డు మీద ఆగిపోతే ఏం చేస్తావురా? దాని సామాను ఓడల మీద రావాలట కదా."

అమ్మకానికి పెట్టిన పాత కారును తల్లి తడిగుడ్డతో తుడుస్తోంది. లోపల కూర్చుని కాగితాలు ఏరుతున్న కొడుకు తలెత్తలేదు.

"అది ఆగదమ్మా."

"ఇదెప్పుడు ఆగింది? ముప్పై ఏళ్లు ఈ కారు చేసిన కంపెనీలో ఇంజన్లు బిగించారు మీ నాన్న. మీ బాబాయి విదేశీ కారు కొన్నాడని అందులో కాలు పెట్టక, ఎర్రటి ఎండలో ఇంటికి నడిచొచ్చిన మనిషాయన. పోయి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే దీన్ని వదిలించుకుంటున్నావు."

"రేపు నీకు ఒంట్లో బాగోకపోతే నమ్మకమైన బండి ఉండాలి కదమ్మా."

"దీని మీద నమ్మకం ఎందుకు పోయింది?"

"పాతదైపోయింది."

ఇన్నాళ్లుగా గుండెల్లో నలుగుతున్న మాట ఆమె నోటి దాకా వచ్చింది.

"మీ నాన్నను తీసుకెళ్లిన ఆ రోజు ఆసుపత్రికి పావుగంట దారి, గంట పట్టింది. ట్రాఫిక్ అన్నావు. ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్ ఏమిట్రా? దారిలో ఇది ఆగిపోయిందా?"

కొడుకు చేతిలోని కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. తుడిచిన తలుపునే ఆమె తుడుస్తూ ఉండిపోయింది. చేతిలో గుడ్డ ఆరిపోయింది.

"ఆగింది," అన్నాడు చివరికి. "వేరే బండి కోసం పరిగెత్తబోతే నాన్న చెయ్యి పట్టుకున్నారు. 'ఇది నేను బిగించిన ఇంజన్రా, ఒక్క నిమిషం చూడు, స్టార్టవుతుంది' అన్నారు. నేను చూస్తూ కూర్చున్నానమ్మా."