చివరి ఫ్రేము దాకా హుస్సేన్ బాషా గారు

లఘుచిత్రం సత్తా మొదటి ఐదు నిమిషాల్లోనే తేలిపోతుందని, ఆపైన చూడటం మర్యాద కోసమేనని పురస్కార నిర్ణేతలలో చిరకాలంగా ఒక నమ్మకం ఉంది. 1991 ఆగస్టు 5వ తేదీన జనాబ్ హుస్సేన్ బాషా గారు విశాఖపట్నంలోని సాగరతీర ప్రతిభా పురస్కార సంస్థలో ప్రదర్శన సహాయకులుగా చేరిన నాటికే ఆ నమ్మకం అక్కడ స్థిరపడి ఉంది. విద్యార్థులకు, పరిశోధకులకు, యువ చలనచిత్రకారులకు ఏటా బహుమతులిచ్చే ఆ సంస్థలో, పోటీకి వచ్చిన క్యాసెట్లను నిర్ణేతల ముందు ప్రదర్శించడం వారి విధి. పాతనగరంలో గడియారాలు బాగుచేసే తండ్రి వద్ద పెరిగిన బాషా గారికి కాలం వృథా కావడం గిట్టదు. నిర్ణేత చేయి ఊపగానే క్యాసెట్ ఆపివేయడంలో తొలి ఏడాది వారికి తప్పేమీ తోచలేదు.

అలా ఆగిన వాటిలో ఒకటి కూర్మన్నపాలెం విద్యార్థి గవర్రాజుది. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగిన తండ్రి కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూడటమే దాని కథ. బహుమతి రాక, క్యాసెట్ వెనక్కి తీసుకోవడానికి వచ్చిన గవర్రాజు ఒక్క మాటే అడిగాడు.

"ఆకర్న మా నాన్నొత్తాడు సార్. సూసారా మీరు?"

బాషా గారు తలదించుకుని, "కూసో బాబూ, ఇప్పుడు సూద్దాం" అన్నారు. ఇద్దరూ చివరిదాకా చూశారు. అది గొప్ప చిత్రమేమీ కాదని, అయితే తండ్రి నిజంగానే వస్తాడని బాషా గారు తరువాత చెప్పేవారు.

మరుసటి ఏటి నుంచి రిమోట్ వారి జేబు దాటలేదు. క్యాసెట్లు పోయి డిస్కులు, డిస్కులు పోయి ఫైళ్ళు వచ్చినా ఏ చిత్రమూ మధ్యలో ఆగలేదు. 2012లో విభాగాధికారి అయ్యాక, పరిశోధన పత్రాల నిర్ణేతలు చివరి పుటపై సంతకం చేయాలన్న నియమమూ వారే తెచ్చారు.

ఈ ఏడాది అరవై నాలుగు చిత్రాలు వచ్చాయి. నూతన కార్యదర్శి శ్రీ సాయిశంకర్ గారు, ఇకపై ఐదేసి నిమిషాలే ప్రదర్శిద్దామని ప్రతిపాదించారు. బాషా గారు వాదించలేదు.

"మీ మాటొద్దు, నా మాటొద్దు సార్. ఓపాలి పరీచ్చ పెట్టి సూద్దాం."

"రిటైరయ్యే ముందు ఎందుకండీ ఈ పందెం? ఓడిపోతే?"

"ఈ రిమోట్ మీ సేతికిచ్చేసి ఎల్లిపోతాను."

పరీక్ష పద్ధతి ఇది: ప్రతి చిత్రానికీ ఐదో నిమిషంలో నిర్ణేతలు పసుపు చీటీపై మార్కులు వేసి కవరులో పెట్టాలి. చిత్రం ముగిశాక తెల్ల కాగితంపై మళ్ళీ వేయాలి. రెండింటిలోనూ అవే మూడు చిత్రాలు ముందు నిలిస్తే, ప్రతిపాదన అమలవుతుంది. కవర్లు వీడ్కోలు సభలోనే తెరవాలి.

జాలరిపేటలో చేపలమ్మే చిట్టమ్మ గారి కుమార్తె, డిగ్రీ విద్యార్థిని గంగాభవాని చిత్రం మొదలైంది. ఖాళీ తీరం, కెరటాలు తప్ప మరేమీ లేదు. ఐదో నిమిషంలో నిర్ణేతలు చీటీలు రాసి, కుర్చీల్లో వెనక్కి వాలారు. ప్రదర్శన సహాయకులు సత్యం గారు ఆగలేక బాషా గారి చెవిలో గుసగుసలాడారు.

"ఏటి బావా, మిషినేటైనా బిగుసుకుపోనాదా?"

"కెరటాలు కదుల్తన్నాయి కదరా. కూసో."

ఏడో నిమిషంలో నీటి అంచున ఒక పడవ కనిపించింది. ఆ తరువాత గదిలో ఎవరూ కదల్లేదు.

ముప్పై నాలుగేళ్ళు పరుల చిత్రాలకు చీకటి గదిలో కాపలా కాసిన బాషా గారు, ఇకపై శ్రీమతి మెహరున్నీసా గారితో కలిసి నిండు వెలుగులో, చెదరని ఆరోగ్యంతో, మనుమల మనుమలను చూసేటంత కాలం హాయిగా జీవించాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.

పరీక్ష ఫలితం కోసం సంస్థ పత్రిక ఈ సంచిక అచ్చు రెండు రోజులు ఆగింది. 2025 జూలై 31వ తేదీన, వీడ్కోలు సభలో కవర్లు తెరిచారు. పసుపు చీటీలలో ముందు నిలిచిన మూడు చిత్రాలలో ఒక్కటే తెల్ల కాగితాలలోనూ మొదటి మూడింటిలో నిలిచింది. గంగాభవాని చిత్రం పసుపు చీటీలలో యాభై ఒకటవది. తెల్ల కాగితాలలో రెండవది. సాయిశంకర్ గారు ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. బాషా గారు రిమోట్‌ను సత్యం గారికి అప్పగించారు.